హెర్దిస్ వదినా, భూమికి అవతలి పొరుగువాళ్లూ

జూన్ నెలలో, ఉత్తరధ్రువానికి దగ్గర్లో సముద్రపు ఒడ్డున ఉన్న మా స్కెర్‌విక్ బాతుల పొలంలోకి ఎవరు అడుగుపెట్టాలన్నా మా మామగారి కోటు తొడుక్కోవాల్సిందే. ఆయన పోయి చాలా కాలమైంది. కోటు మాత్రం తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూనే ఉంటుంది. మోచేతుల దగ్గర తోలుముక్కలు వేసి కుట్టిన ముదురు గోధుమరంగు కోటు. గుడ్ల మీద కూచున్న ఎయిడర్ అనే సముద్రపు బాతులకు ఆ కోటు తెలుసు. దాని లోపల ఎవరున్నారన్నది వాటికి పట్టదు. కోటు వంగి, నెమ్మదిగా, ఏదో ఒకటి గొణుక్కుంటూ వస్తే అవి మెడ కూడా తిప్పవు. కొత్త బట్ట కనబడిందా, పొలమంతా ఒక్కసారిగా లేచి సముద్రం మీదికి పోతుంది. వెనక్కి వచ్చేసరికి గుడ్లు చల్లబడతాయి, లేదా కాకులు తాగేస్తాయి.

ఈ సంగతి నాకు నేర్పింది మా వదిన హెర్దిస్, మా ఆయన బెస్సికి అక్క. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన తొలి వేసవిలో ఎర్రకోటు తొడుక్కుని పొలం గేటు దాకా పోయాను. ఆమె దారికి అడ్డంగా నిలబడింది.

"ఏమ్మా పెళ్లికూతురా, నిన్ను చూడ్డానికి మేమంతా లేచి నిలబడ్డాం, చాలదా? వాటిని కూడా లేపాలా?"

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "బాతులు ఒప్పుకోలేదు" అంటుంది. పొలంలో నడిచేటప్పుడు ఆమె గొణిగేది పాట కాదు, రేడియోలో జాలర్ల కోసం చదివే వాతావరణ వార్తలు. ఏ తీరాన గాలి ఎటునుంచి, ఎంత జోరుగా వీస్తోందో, వాన పడుతుందో లేదో ఒకే గొంతుతో చదువుకుంటూ పోతుంది. ఆ బాతులకు తుపాను హెచ్చరిక కూడా జోలపాటే.

బాతు తన రొమ్ము మీది నూగు పీకి గూడులో పరుస్తుంది. అందులో కొంత మేం తీసుకుని, బదులుగా ఎండుగడ్డి పెడతాం. ఆ నూగు ఏరి, వేడిచేసి, దుమ్ము దులిపి శుభ్రం చేసేది ఇక్కడి ఆడవాళ్లు. దాన్ని కప్పుకుని పడుకునేవాళ్లు ఎక్కడో పెద్ద నగరాల్లో ఉంటారు. దుప్పటి మీద దుకాణం పేరు బంగారు దారంతో కుట్టి ఉంటుంది. నూగు దుమ్ముకు చలికాలమంతా దగ్గే ఆడవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. నేను చేపల కార్ఖానా కార్మికసంఘంలో పనిచేసినదాన్ని. ఇలాంటివి నాకు కళ్లలో నలుసులా గుచ్చుకుంటాయి. వదినకు గుచ్చుకోవనే అనుకునేదాన్ని.

బాతుల పొలంలోనే తీగలున్నాయి. సముద్రం ఒడ్డుకు సమాంతరంగా వరసలు వరసలుగా కొయ్యస్తంభాలు, వాటి మధ్య రాగితీగలు, పక్కన ఒక రేకుల గుడిసె, అందులో యంత్రం. జపాను వాళ్లు వచ్చి మా మామగారిని అడిగి పెట్టుకున్నారు. ఆ తీగలు ఏమీ పంపవు, వింటాయి అంతే. నక్షత్రాల నుంచి రాత్రింబగళ్లు సన్నటి రేడియో హోరు వస్తూనే ఉంటుందట. ఉత్తరపు వెలుగులు, అదే ధ్రువకాంతులు, ఆడినప్పుడు పైనుంచి కురిసే రేణువులు మన ఆకాశపు అడుగు పొరను తడిగుడ్డలా చేస్తాయట. ఆ పొర హోరును పీల్చేసుకుంటుంది. గుడిసెలో యంత్రం గీసే గీత కుంగుతుంది. ఒక్కో వరస ఆకాశంలో ఒక్కో ముక్కను వింటుంది కాబట్టి, ఆ తడి ఎటునుంచి ఎటు జరుగుతోందో తెలుస్తుంది. మా వేసవిలో పొద్దు గూకదు, వెలుగులు కంటికి ఆనవు. తీగలకు మాత్రం అప్పుడూ వినబడతాయి.

అసలు విశేషం ఇంకొకటి. మా పొలం దగ్గర నుంచి భూమి అయస్కాంతపు రేఖ ఒకటి పైకి లేచి, ఆకాశంలో ఎంతో దూరం వంపు తిరిగి, దక్షిణాన మంచుఖండంలో జపాను వాళ్లు కట్టుకున్న షోవా స్థావరం దగ్గర దిగుతుంది. అక్కడా ఇలాంటి తీగలే ఉన్నాయి. పైనుంచి కురిసేది రెండు కొనల్లోనూ కురుస్తుంది. ఇక్కడ తడి దక్షిణంగా, అంటే భూమి నడుము వైపు జరిగితే, అక్కడ ఉత్తరంగా, అదే నడుము వైపు జరగాలి. జరుగుతుందా, ఎప్పుడు జరుగుతుంది, ఎప్పుడు జరగదు అన్నదే వాళ్ల చదువు.

ఇదంతా మాకు చెప్పినవాడు మినగావా. పలచటి మనిషి, పెద్ద కళ్లద్దాలు. పరిశోధకుడిగా చేరకముందు ఒక చలికాలమంతా షోవాలో గడిపాడు. ఇక్కడికి వచ్చిన తొలిసారి, వదిన వంటింట్లో ఒక నారింజపండు మీద దారం చుట్టి, ఆ కొన ఇది, ఈ కొన అది అని చూపించాడు.

వదిన చాలాసేపు ఆ దారం వైపు చూసింది. "అయితే వాళ్లు మా కింది ఇంటివాళ్లన్నమాట" అంది.

ఆ రోజు నుంచి షోవా వాళ్లు ఆమెకు పొరుగువాళ్లయ్యారు. శరత్కాలంలో జపాను నుంచి వాళ్ల ఓడ బయలుదేరే ముందు ఉన్ని చేతితొడుగులు అల్లి పంపేది. "కింద చలెక్కువ" అనేది, మాదేదో వేడి దేశమైనట్టు. అక్కడి వంటమనిషి ఒకసారి జవాబుగా ఎండబెట్టిన సముద్రపు నాచు పొట్లం పంపాడు. బెస్సి దాన్ని కొరికి చూసి "అక్కా, మన గొర్రెలు ఒడ్డున మేసేది ఇదే కదే!" అన్నాడు. వదిన మాత్రం దాన్ని వెన్నతో, ఎండుచేపతో కలిపి మొత్తం తినేసింది. పొరుగింటి కూరకు వంకలు పెట్టకూడదని ఆమె పట్టుదల.

మామగారు పోయాక తీగల పని ఆమె మీదే పడింది. చలికాలం తీగల మీద పేరుకున్న మంచును కర్రతో తట్టి రాల్చడం, కంచె దాటి వచ్చిన గొర్రెలను తోలడం, గుడిసె తలుపు గాలికి ఊడకుండా చూసుకోవడం, యంత్రం విన్నది నింపుకున్న డిస్కులు మార్చి టపాలో పంపడం. పెద్ద తుపానుల్లో నడుముకు తాడు కట్టుకుని గుడిసె దాకా పోవడం నేను చూశాను. ఏడాదికోసారి జపాను నుంచి అచ్చయిన వ్యాసాలు వచ్చేవి. మొదటి పేజీలో పేర్ల వరస. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో "స్థానికుల సహకారానికి కృతజ్ఞతలు".

"ఈ స్థానికులెవరు వదినా? నువ్వూ, గొర్రెలూనా?" అని అడిగాను ఒకసారి.

"ఊరుకోవే. పేరు పెట్టుకుని ఏం చేసుకుంటాను? వానొస్తే కప్పుకుంటానా?" అంది.

కానీ ఆ సాయంత్రమే, తను చదవలేని ఆ ఇంగ్లీషులో పేర్ల మీదుగా ఆమె వేలు మెల్లగా పాకడం చూశాను. వేలు చివరిదాకా వెళ్లి ఆగింది. పేజీ మడిచి బల్ల సొరుగులో పెట్టేసింది. నేను చూసినట్టు ఆమెకు తెలియదు.

*

ఒక ఏడు మింకు చొరబడింది. ముంగిసంత జంతువు, నీళ్లలో చేపలా ఈదుతుంది. ఈ దేశానికి దాన్ని తెచ్చింది బొచ్చుకోట్ల వ్యాపారం చేసే షావుకార్లు. బోనుల్లోంచి తప్పించుకుని తీరమంతా పాకింది. లాభం వాళ్లు తిన్నారు, మింకును మాకు వదిలారు. మా పొలంలో అది ఒక్క వారంలో చేసిన పని చూసి వదిన రెండు రోజులు వంటింట్లోకి రాలేదు. బెస్సి దాన్ని ఉచ్చులో పట్టాడు కానీ అప్పటికే బాతులు వెళ్లిపోయాయి. తర్వాతి వసంతంలో సముద్రం మీద గుంపులుగా తేలాయి, పొలం వైపు చూశాయి, ఒడ్డెక్కలేదు.

భయపడ్డ బాతులను మళ్లీ పిలవడానికి మా తీరంలో అందరూ చేసేది ఒకటే. పొలంలో రంగు గుడ్డలు కడతారు, గాలికి తిరిగేవీ, గలగలలాడేవీ పెడతారు. ఎయిడర్ బాతుకు సందడంటే ఇష్టం, మనుషులున్న చోట నక్క రాదని దాని లెక్క. పైన అడ్డంగా తాళ్లు కడితే కాకులూ గద్దలూ కిందికి దిగలేవు. ఇక మా దగ్గర చెట్టన్నదే లేదు. సముద్రం కొట్టుకొచ్చే కొయ్య తప్ప కొయ్య లేదు. ఇలాంటి చోట నిలువుగా నిలబడ్డ స్తంభాన్ని ఊరికే ఉంచడం మా దృష్టిలో పాపం. దానికి ఏదో ఒకటి వేలాడదీయాల్సిందే, చేపలైనా, తడిబట్టలైనా.

తీగల స్తంభాలకు ఇనుమూ రేకూ ఏదీ కట్టవద్దని జపాను వాళ్లు మొదట్లోనే చెప్పారు. వదిన ఆ మాట అక్షరాలా పాటించింది. రేకు గిరగిరలు వేరే చోట పాతించింది. స్తంభాలకు ఒట్టి తాళ్లే కట్టింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పాత వలల నుంచి విప్పిన నారింజరంగు, నీలంరంగు పేట తాళ్లు, వాటికి గుడ్డపీలికలు. వరస వెంట వరస, రాగితీగల మీదుగా, ఒడ్డు నుంచి కంచె దాకా. పొలం తిరునాళ్లలా తయారైంది.

బాతులు వచ్చాయి. మొదట ఒక ముసలి బాతు ఒక్కతీ నడిచి వచ్చి, గుడిసె గోడ పక్కన కూలబడింది. వెనకాలే మిగతావి. వదిన కిటికీ దగ్గర నిలబడి ఏడ్చింది. బెస్సి "నేనొస్తే ఎప్పుడైనా ఇలా ఏడ్చావా అక్కా?" అన్నాడు. "నువ్వు ఎప్పుడు పోయావు గనక" అంది ముక్కు తుడుచుకుంటూ.

తాళ్లు విప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. చలికాలమంతా అలాగే ఉంచింది. మరుసటి వసంతంలో బాతులు ఇంకా ఎక్కువ వచ్చాయి.

*

ఆ జూన్‌లోనే మినగావా వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. తీగలు ఓసారి దగ్గర నుంచి చూడాలన్నాడు. వదిన మామగారి కోటు తెచ్చి భుజాల మీద వేసింది. అది అతని మోకాళ్ల కిందికి దిగింది.

"వంగు నాయనా. ఇంకా. నీ కళ్లద్దాలు మెరుస్తున్నాయి, తీసి జేబులో పెట్టుకో."

"తీస్తే నాకేమీ కనిపించదండీ."

"నీకు కనబడాల్సిన పని లేదు. వాటికి నువ్వు కనబడకుండా ఉంటే చాలు. ఏదైనా గొణుగు."

అతను పాపం గుడ్డివాడిలా, పొడుగు కోటు ఈడ్చుకుంటూ, జపానులో ఎక్కాలు గొణుక్కుంటూ గూళ్ల మధ్య నడిచాడు. ఒక బాతు అతని బూటు లేసును ముక్కుతో లాగి చూసింది, నచ్చక వదిలేసింది. కళ్లద్దాలు లేకుండా అతను చూసిందల్లా రంగుల మసక. "పండగలా ఉంది" అని నవ్వుతూ బయటికి వచ్చాడు.

కాఫీ దగ్గర కాగితాలు పరిచాడు. మేం పొగబెట్టిన మాంసం, రై రొట్టె పక్కకు జరిపాం.

"చూడండి హెర్దిస్ గారూ. ఇది ఇక్కడి గీత. మొదట ఒడ్డువైపు వరస కుంగుతుంది. తర్వాత దాని వెనకది. తర్వాత ఇంకోటి. నెమ్మదిగా, గంటసేపు దక్షిణంగా జరుగుతూ పోతుంది. ఎంత అందంగా ఉందో చూశారా! కిందటేడు నుంచి ఇలాంటి రోజులు చాలా ఉన్నాయి."

"మరి కింది ఇంట్లో?"

"అదే విశేషం. అదే రోజు, అదే గంట, షోవాలో ఏమీ లేదు. గీత తిన్నగా ఉంది. ఉత్తరాన మాత్రమే కదిలి దక్షిణాన కదలని రకం ఇది. ఇంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు. శరత్కాలపు సభలో దీని మీదే నా ప్రసంగం. అది బావుంటే నా ఉద్యోగం పక్కా చేస్తామన్నారు." కాఫీ ఒలకబోసుకున్నాడు ఆ సంతోషంలో.

అందరం అభినందించాం. వదిన మాత్రం అంత సంబరపడలేదు. "మేం కదిలితే వాళ్లు కదలరా? ఇన్నాళ్లూ కదిలేవాళ్లేగా" అంది. చేతితొడుగులు పంపితే జవాబు రాకపోయినట్టుంది ఆమె గొంతు.

మర్నాడు బెస్సి గొర్రెల కంచె దగ్గర నుంచి చెయ్యి విదిలించుకుంటూ వచ్చాడు. గేటు జారిపోతోందని, మా ఇంటి ముందు పడివున్న వలతాటి ముక్క ఒకటి తీసి, కరెంటు కంచె తీగకు ఆనేలా కట్టాడట.

"పొడితాడే కదా అనుకున్నా. రాత్రి గాలికి సముద్రపు తుంపర పడి తడిసుంది. లాగి ఒక్కటిచ్చింది చూడూ, మా నాన్న కూడా ఎప్పుడూ అంత గట్టిగా కొట్టలా!"

"ఉప్పునీళ్లు తాగిన తాడు తీగతో సమానం కదయ్యా. ఆ మాత్రం తెలీదా, గొర్రెలకు కూడా తెలుసు" అన్నాను నేను.

మేం ముగ్గురం నవ్వాం. మినగావా గుడిసెలో ఉన్నాడు. నవ్వుతున్న వదిన మధ్యలో ఆగిపోయింది. చేతిలో గిన్నె తుడుస్తున్న గుడ్డ అలాగే నిలిచిపోయింది. కిటికీలోంచి పొలం వైపు చూసింది. తీగల మీదుగా వరసలు వరసలుగా ఊగుతున్న తాళ్లు. సముద్రపు గాలి ఉత్తరం నుంచి వస్తుంది. తుంపర ముందు ఒడ్డు వరసను తడుపుతుంది. తర్వాత దాని వెనకదాన్ని.

నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. ఆమె ముఖం చూసి బెస్సికి దెబ్బ తగిలిందని జాలిపడుతోంది కాబోలనుకున్నాను. సాయంత్రం నూగు ఏరుతుండగా ఆమే చెప్పింది.

"ఆ అబ్బాయి చూపించిందంతా ఆకాశం కాదే. నా తాళ్లు."

నేను ఏరడం ఆపేశాను. "ఎవరికీ తెలియదు కదా" అన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు, నేను ఆమె పక్షం మనిషిని. "చెబితే ఏమవుతుందో ఆలోచించావా? తాళ్లు ఈ క్షణమే తెంపమంటారు. గుడ్ల మీద బాతులున్నాయి. మళ్లీ పోతే ఇక రావు. ఆ అబ్బాయి ఉద్యోగమూ పోతుంది. నీకేమో ఒక్క ముక్క థాంక్స్ కూడా పేరు పెట్టి చెప్పనివాళ్లు వాళ్లు. వాళ్ల లెక్క వాళ్లనే చూసుకోనీ."

"అదంతా నిజమే" అంది. నూగులోంచి గడ్డిపోచ ఒకటి తీసి పక్కన పెట్టింది. "కానీ కింది ఇంటివాళ్లు కదలలేదని అచ్చేస్తారే. వాళ్ల తప్పేం లేదు. కదలాల్సింది అసలు ఇక్కడా కదల్లేదు."

ఆ మాట అని కోటు తొడుక్కుని పొలంలోకి వెళ్లింది. పొద్దు దిగని ఆ వెలుతురులో ముసలి బాతు పక్కన, గుడిసె గోడకు ఆనుకుని కూచుంది. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. ఆమె పెదవులు కదలడం లేదు. గొణక్కుండా పొలంలో ఆమె కూచోగా చూడడం నాకదే మొదటిసారి. అయినా బాతులు లేవలేదు.

*

పొద్దున మినగావా పెరుగు గిన్నె ముందు కూచోగానే చెప్పేసింది, నాన్చకుండా.

"నాయనా, నువ్వు చూపించిన ఆ జరుగుడు నా తాళ్ల వల్ల వచ్చింది. ఉప్పుతుంపర పడితే తాడు కరెంటు కారుస్తుంది. నిన్న బెస్సిని కొట్టింది. నీ తీగల హోరును కూడా అవే తాగేస్తున్నాయి. ఒడ్డు వరస ముందు, లోపలివి తర్వాత."

అతను చెంచా కింద పెట్టాడు. "అలా కాకపోవచ్చు" అన్నాడు. తర్వాత "ఎప్పుడు కట్టారు?" అన్నాడు. ఆమె చెప్పింది. అతని వేళ్లు బల్ల మీద కాగితాల దొంతర కోసం వెతికాయి, దొరికాయి, కానీ తిప్పలేదు. ఏ వసంతం నుంచి ఆ గీతలు మొదలయ్యాయో అతనికి కంఠతా వచ్చు.

"ఇప్పుడే విప్పి చూద్దాం. విప్పాక గీత కుంగడం ఆగితే..."

"విప్పం" అంది వదిన.

"హెర్దిస్ గారూ, నా పరిస్థితి..."

"నీ పరిస్థితి నాకు తెలుసు. అందుకే చెప్పాను. వాటి పరిస్థితి కూడా తెలుసు. గుడ్లు పగిలి పిల్లలు సముద్రంలో దిగేదాకా ఆ పొలంలో ఒక్క ముడి కూడా ఎవరూ విప్పరు. నీ సంస్థ పెద్దలొచ్చినా అంతే, మా ప్రధానమంత్రి వచ్చినా అంతే."

బెస్సి మెల్లగా "ప్రధానమంత్రికి కోటు పట్టదు కూడా" అన్నాడు.

"విప్పకుండా ఎలా తెలుస్తుందండీ?" మినగావా గొంతు నీరుగారింది.

"గాలి చెబుతుంది. మధ్యాహ్నానికి ఉత్తరపు గాలి లేస్తుందని రేడియోలో అన్నారు. ఆ వెనక దక్షిణం నుంచి వాన. గుడిసెలో కూచుందాం."

కూచున్నాం. నలుగురికీ చోటు చాలని గుడిసె. మినగావా ముందే షోవాకు కబురు పంపి, అక్కడి గీత ఎలా ఉందో గంటగంటకూ చెప్పమన్నాడు. మధ్యాహ్నం గాలి లేచింది. అలలు రాళ్ల మీద పగిలి తెల్లటి తుంపర పొలం మీదికి రావడం చిన్న కిటికీలోంచి కనబడింది. చాలాసేపు ఏమీ జరగలేదు. మినగావా ముఖంలో ఆశ పుట్టడం నేను చూశాను. చెప్పొద్దూ, నాలోనూ పుట్టింది.

తర్వాత ఒడ్డు వరస గీత వంగింది. దాని వెనక రెండోది. అచ్చం కాగితాల్లో ఉన్నట్టే, తొందరలేకుండా, అందంగా. షోవా నుంచి కబురొచ్చింది, ఆకాశం నిమ్మళంగా ఉంది, గీత తిన్నగా ఉంది, ఇక్కడ అన్నం కూర ఉడుకుతోంది అని.

మినగావా కళ్లద్దాలు తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు, బాతుల మధ్యకు పోతున్నట్టు.

సాయంత్రానికి గాలి తిరిగి దక్షిణం నుంచి మంచినీటి వాన పడింది. తాళ్లలోని ఉప్పును కడిగింది. గీతలు ఒక్కొక్కటే లేచి తమ చోటికి వచ్చాయి. ఇక సందేహానికి తావు లేదు.

"నన్ను తిట్టు" అంది వదిన.

"ఎందుకు? ఇనుము కట్టవద్దన్నాం, మీరు కట్టలేదు. ఉప్పుతాడు కట్టవద్దని చెప్పడానికి ఉప్పుతాడంటే ఏమిటో మాకు తెలిస్తేగా." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "సభకు వెళ్లి అందరూ చప్పట్లు కొట్టాక తెలిసుంటే ఎలా ఉండేదో అనుకుంటున్నాను."

"ఉద్యోగం సంగతి?" అడిగాడు బెస్సి.

"తెలియదు" అన్నాడు నిజాయితీగా. వదిన అతని కప్పులో కాఫీ పోసి, పంచదార ముక్క పక్కన పెట్టింది.

వెళ్లే ముందురోజు అతను సవరణ రాశాడు. కిందటేడు అచ్చయిన చిన్న వ్యాసంలో కూడా ఆ గీతల్లో కొన్ని ఉన్నాయట, వాటిని వెనక్కి తీసుకుంటున్నట్టు ఆ పత్రికకు చెప్పాలి. మాకు చదివి వినిపించాడు. "స్థానిక కారణం వల్ల కలిగిన అంతరాయం" అని రాశాడు.

"ఆ స్థానిక కారణం ఎవరు?" అడిగింది వదిన.

"మీ పేరెందుకని... మర్యాద కాదని..."

"పేరు పెట్టు."

"హెర్దిస్ గారూ, ఇది తప్పు గురించి రాసేది. ప్రపంచమంతా చదువుతుంది."

"చదవనీ." ఆమె గొంతు పెరగలేదు. బల్ల సొరుగు లాగింది. మడతపెట్టిన వ్యాసాలన్నీ తీసి అతని ముందు పెట్టింది. "ఇన్నేళ్లూ మంచు తట్టాను. మీ గుడిసె తలుపు నా నడుముకు కట్టుకున్నంత పని చేశాను. అప్పుడంతా నేను స్థానికుల సహకారాన్ని. పోనీలే అనుకున్నాను. ఇప్పుడు తప్పొచ్చేసరికి స్థానిక కారణమయ్యాను. ఈ తాళ్లు నేను కట్టాను. ఎందుకు కట్టానో నాకు తెలుసు, ఆ సంగతి కనిపెట్టి చెప్పింది కూడా నేనే. రాసేదేదో మనిషి చేసినట్టు రాయి. నేను తీరాన్నీ కాదు, వాతావరణాన్నీ కాదు."

నేను సంఘంలో ఎన్నో ప్రసంగాలు విన్నాను, కొన్ని చేశాను కూడా. ఆ రోజు నోరు మూసుకుని కూచున్నాను.

మినగావా ఆ పాత వ్యాసాల చివరి పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. వాటిలో కొన్నింటి మీద అతని పేరుంది. మెడ దాకా ఎర్రబడ్డాడు. తర్వాత కలం తీసి, ఆ వాక్యం కొట్టేసి, ఆమె పూర్తి పేరు ఎలా రాస్తారో అడిగాడు.

*

జులైలో పిల్లలు సముద్రంలోకి దిగాయి. బెస్సి ఒడ్డున కొట్టుకొచ్చిన కొయ్యలు ఏరి, తీగల స్తంభాలకు దూరంగా వేరే గుంజలు పాతాడు, సణుగుతూనే. తాళ్లన్నీ వాటి మీదికి మారాయి, తీగల కింద నుంచి పోయేలా. వచ్చే వసంతంలో బాతులకు నచ్చుతుందా అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. నచ్చింది, అది వేరే సంగతి.

మినగావా సభలో మాట్లాడలేదు. ఉద్యోగం పక్కా చేయలేదు, ఏడాదికి పొడిగించారు. మరుసటి ఏడు మళ్లీ ఏడాదికి. పెద్ద పెద్ద చదువుల్లో కూడా మా చేపల కార్ఖానాలోలాగే మనుషులను ఏడాదికోసారి గాలిలో ఊగిస్తారని అప్పుడే తెలిసింది నాకు. అతను ఆ ఊగుడులోనే పని చేసుకుంటూ పోయాడు.

శరత్కాలం చివర్లో అతని నుంచి పెద్ద కవరొచ్చింది. అందులో పత్రిక ఉంది. ఒక పేజీలో సగం కూడా లేని సవరణ. రెండో వాక్యంలో వదిన పేరు, స్కెర్‌విక్ పేరు, ఎయిడర్ బాతుల కోసం కట్టిన తాళ్లు, ఉప్పు తుంపర. ఆ తాళ్లు ఆమే కట్టిందనీ, కారణం ఆమే గుర్తించి చెప్పిందనీ రెండూ ఉన్నాయి. వదిన వేలు ఈసారి వెతుక్కోలేదు, నేరుగా అక్కడికే పోయి ఆగింది.

బెస్సి భుజం మీదుగా తొంగిచూశాడు. "చూశావా అక్కా! బుద్ధిగా పనిచేసినన్నాళ్లూ రాని పేరు, తప్పు చేస్తే వచ్చింది."

"మరి నువ్వు పుట్టినప్పటి నుంచీ చేస్తూనే ఉన్నావుగా, నీ పేరు ఒక్కచోటా లేదేంరా?"

కవరులో ఇంకో రెండు పల్చటి కాగితాలున్నాయి. తాళ్లు మార్చాక వచ్చిన ఒక రోజు గీతలు, ఇక్కడివొకటి, షోవావొకటి. ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురులో చూడమని రాశాడు. షోవా కాగితాన్ని తలకిందులుగా తిప్పి పెట్టాలట. వదిన వాటిని కిటికీ అద్దానికి ఆనించింది. బయట మంచు వెలుగు, దూరాన సముద్రం మీద నల్లచుక్కల్లా బాతులు. ఇక్కడి తడి ఒడ్డు నుంచి లోపలికి, దక్షిణంగా జరిగింది. అక్కడిది ఉత్తరంగా. రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకచోట షోవాది కొంచెం వెనకబడి, మళ్లీ అందుకుంది.

"కదిలారు" అంది వదిన.

కాగితాలను కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత వాటిని నా చేతికిచ్చి, ఉన్ని బుట్ట దగ్గరికి పోయింది. ఓడ బయలుదేరే వేళయింది, ఆ ఏటి చేతితొడుగుల్లో బొటనవేళ్లు ఇంకా అల్లాల్సి ఉంది.